నా ఫోనుకు రాని మెసేజి

నటేటే, కంపాలా
15 జనవరి

సెంగాకి,

నీ మేనకోడలు నాల్వోగా మోకాళ్ళ మీద కూర్చుని పెట్టే దండాలు. ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతి తరవాత నేను కలం పట్టింది సరుకుల చీటీ రాయడానికే. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోన్ చేద్దామంటే మా గోడలు పలచన. పైగా ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా ఫోను ఆయన చేతిలోనే ఉంటుంది, బంతాట వ్యాఖ్యానం వింటూ. అందుకే మీ ఊరి నుంచి అరటి గెలలు తెచ్చే వ్యాన్ అతనికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా ఆయన కిగోంగో పోయిన వారం మొంబాసా లారీ దిగి వచ్చారు. దారిలో ఎవరిదో లారీ ఆపి దోచుకున్నారట. ఇక డ్రైవర్లు చేతిలో డబ్బు పెట్టుకోకూడదని కంపెనీవాళ్ళు అన్నారట. అందుకని డ్రైవర్లందరికీ బ్యాంకు క్రెడిట్ కార్డు ఇస్తుంది. ఆ కార్డు ఫోను లోపలే ఉంటుంది. కొట్లో మెషీనుకి ఫోను ఆనిస్తే చాలు, కట్టినట్టే. నెలాఖరుకి జీతంలో పట్టుకుంటారు. పెళ్ళాలకి కూడా ఇస్తారట. ఆయన రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "నువ్వే చూసి చెప్పు, ఇల్లు నడిపేది నువ్వు కదా" అన్నారు.

నీలం కాగితంలో కార్డు ఆయన పేరు మీద ఉంటుంది, నాది దానికి కొమ్మ లాంటిది. రుసుము లేదు. నేను ఏదైనా కొంటే నా ఫోనులో పచ్చటి టిక్కు మాత్రం పడుతుంది. ఎక్కడ కట్టానో చెప్పే మెసేజి ఆయన ఫోనుకి వెళుతుంది. రెండోది పచ్చ కాగితం. అందులో నా కార్డు నాదే, మెసేజి నా ఫోనుకే వస్తుంది. కాని దానికి ఫోను లైను నా పేరు మీద ఉండాలి. నాది ఆయన గుర్తింపు కార్డు మీద తీసుకున్న లైను. మార్పించుకోవాలి. ఏడాదికోసారి రుసుము కూడా కట్టాలి.

ఇందులో ఆలోచించడానికేముంది అంటావు. మేనత్తగా పెళ్ళినాడు నన్ను ఈ ఇంట్లో దిగబెట్టింది నువ్వు. నీకు చెప్పనిది ఎవరికి చెప్పను? రెండేళ్ళయింది. మా అత్తగారు వచ్చినప్పుడల్లా పనసకాయ పండిందో లేదో చూసినట్టు నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తుంది. మొన్న వచ్చినప్పుడు పెరట్లో ఇంకో గది కట్టుకునే చోటుందా అని కొడుకుని అడిగింది. ఆ గది రెండో పెళ్ళాం కోసమని నాకు తెలుసు. టాక్సీ స్టాండు దాటాక ఆడవాళ్ళ క్లినిక్ ఒకటుంది. రెండుసార్లు వెళ్ళాను. కుట్టుపని డబ్బులు చేత్తోనే ఇచ్చాను. ఇంకా చాలా పరీక్షలు చెయ్యాలంటున్నారు. లోపం నాదే అని తేలితే ఆ గది లేచినట్టే. తేలేదాకా ఆయనకి తెలియకూడదు.

నీలం తీసుకుంటే ఆయనకి తెలిసిపోతుంది. పచ్చ తీసుకుంటానంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? నెలాఖరుకి లారీ తిరిగొస్తుంది. ఈలోగా రాయి.

చదివాక దీన్ని పొయ్యిలో పెట్టెయ్యి.

నీ నాల్వోగా


క్యాబకూజా, మసాకా
24 జనవరి

పిచ్చి నాల్వోగాకి,

నీ ఉత్తరం అరటాకులో చుట్టుకుని, ఎవరిదో వేరుశెనగ పులుసు మరకతో సహా వచ్చింది. ఆ వ్యాన్ అతను తింటూ తెచ్చినట్టున్నాడు. నీ రాత బాగానే ఉంది. మీ నాన్న రాతకంటే నయం. వాడు రాస్తే కోడి గీరినట్టుండేది.

నీలం తీసుకో. మొగుడు రెండు కాగితాలు ముందు పెడితే, అందులో వేరుగా ఉండేదాన్ని ఏరుకున్న పెళ్ళాం నోరు విప్పకుండానే చాలా చెప్పినట్టు. నాకు ఫోనులో కార్డు ఎలా దూరుతుందో తెలియదు కాని మగవాడి బుర్రలో అనుమానం ఎలా దూరుతుందో తెలుసు. నువ్వు కొన్న సబ్బూ ఉప్పూ వాడి ఫోనులో మోగనీ. వాడు రోడ్డు మీద ఎక్కడున్నా ఇల్లు గుర్తొస్తుంది. మంచిదే.

క్లినిక్ మానెయ్యి. ఆ డాక్టర్లు లేనిది కూడా వెతికి చేతిలో పెడతారు. గెలల మధ్య ఒక పొట్లం పంపాను. మూలికలు కలిపిన మట్టి కడ్డీలు. రోజూ పొద్దున్నే గీకి నీళ్ళలో కలుపుకుని తాగు. మీ అమ్మ కడుపున నువ్వు పడింది వీటితోనే. ఇక క్లినిక్‌కి వెళ్ళనని నాకు మాట రాసి పంపు.

నీ ఉత్తరం కాల్చేశాను. దాంతోనే టీ కాచుకున్నాను.

నీ సెంగా, నంటేజా


నటేటే
18 ఫిబ్రవరి

సెంగాకి,

దండాలు. వంకర అక్షరాలకి ఈసారి కూడా ఏమీ అనుకోకు. కుట్టు మెషీను మీద పెట్టి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే నీలం తీసుకున్నాను. ఆయన చాలా సంతోషించారు. నాకు కొత్త ఫోను కొన్నారు, ఆనించి కట్టడానికి వీలుండేది. మొదటిరోజు కొట్లో సబ్బు కొని ఆనిస్తే టిక్కు పడింది. కొట్టువాడి ముందు సిగ్గుతో నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. లారీ నడుపుతున్నప్పుడు ఆయన ఫోను పక్క సీటులో సెమాండా దగ్గర ఉంటుంది. నీకు తెలుసుగా, రెండో డ్రైవరు, ఆయన చిన్నాన్న కొడుకు. మెసేజి వస్తే అతనే చదివి వినిపిస్తాడు. "అన్నా, వదిన సబ్బుల కొట్లో కట్టింది. నువ్వొచ్చేలోగా ఇల్లు కడిగేలా ఉంది" అన్నాడట. వెనకాల లారీలవాళ్ళకి కూడా చెప్పి నవ్వించాడట. ఆయనా నవ్వారు.

నీ కడ్డీలు తాగుతున్నాను. చేదుకి కళ్ళు తిరుగుతున్నాయి. నీకు మాట ఇచ్చినట్టే అనుకో, క్లినిక్ సంగతి ఇక ఎత్తను.

ఇందులో దాచాల్సిందేమీ లేదు కాని అలవాటుగా అడుగుతున్నాను, కాల్చెయ్యి.

నీ నాల్వోగా


నటేటే
19 మార్చి

సెంగాకి,

వ్యాన్ బయలుదేరేలోగా గబగబా రాస్తున్నాను. అక్షరాలు కలిసిపోతే క్షమించు.

నీకిచ్చిన మాట తప్పాను. క్లినిక్‌కి ఇంకో రెండుసార్లు వెళ్ళాను. రెండోది ఈ నెల పదకొండున. లోపలికి పిలిచి, ఈ రోజే స్కానింగు చెయ్యాలి, రోజులు తప్పితే మళ్ళీ నెల ఆగాలి అన్నారు. నా చేతిలో ఉన్నది చాలలేదు, మొబైల్ మనీలో ఉన్నదీ చాలలేదు. నర్సు మెషీను ముందుకు జరిపింది. ఒక్క క్షణం ఆలోచించాను. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదా, ఆయన వచ్చాక నేనే చెబుతాను అనుకుని ఫోను ఆనించాను. టిక్కు పడింది. మెసేజి ఆయనకి వెళ్ళింది.

స్కానింగులో నాకేమీ లేదన్నారు. అన్నీ బాగున్నాయన్నారు. ఏడుపొచ్చేసింది. ఇక మీవారిని తీసుకురండి అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన ఫోన్ చెయ్యలేదు. మొన్న ఆదివారం వచ్చారు. బట్టలు కూడా మార్చుకోలేదు. అరటికాయ ఆకులో చుట్టి ఉడికించి, ఆయనకిష్టమని ఎండుచేపతో పల్లీ పులుసు చేశాను. ఆకు విప్పి ముందు పెట్టి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, "నేను తప్పు చేశాను. మీకు చెప్పకుండా వెళ్ళాను. మన్నించండి" అన్నాను.

చెయ్యి కడుక్కోబోతూ ఆగారు. తరవాత, "ఎన్నిసార్లు?" అన్నారు.

"ఇది నాలుగోసారి" అన్నాను.

పళ్ళెం పక్కకి జరిపి లేచిపోయారు. అంతే. ఆ రోజు నుంచి నా చేతి కూడు ముట్టలేదు, ముందు గదిలోనే పడుకున్నారు. ఈ పొద్దున లేచేసరికి లేరు.

ఆడది డాక్టరు దగ్గరికి వెళితే ఇంత కోపమా సెంగా? మీవారిని తీసుకురండి అన్న మాట ఆయనకి ఇంకా చెప్పనే లేదు. అది చెబితే ఏమైపోతారో. ఆయన నీ దగ్గరికే వస్తారనుకుంటా. మొగుడు పెళ్ళాం చేతి కూడు తోసేస్తే పంచాయితీ నీ దగ్గరికేగా రావాలి. నా తరఫున ఒక్క మాట చెప్పు.

దీన్ని తప్పకుండా కాల్చు.

నాల్వోగా


క్యాబకూజా
20 మార్చి

నాల్వోగా,

కుశలం అడగను. నిన్న కిగోంగో వచ్చాడు. చాప వేస్తే అంచున కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగలేదు. "సెంగా, మీ పిల్లని మీరే నా ఇంట్లో దిగబెట్టారు. ఇది చూసి మీరే చెప్పండి" అని ఫోను నా చేతిలో పెట్టాడు. నాకు కళ్ళద్దాలు దొరక్క వాడే చదివాడు. మార్చి పదకొండు, మధ్యాహ్నం, నీ ఫోను నుంచి కట్టిన డబ్బు. ఎక్కడికో తెలుసా? కాసూకు గెస్ట్‌హౌస్.

ఊళ్ళో సొంత ఇల్లున్న ఆడదానికి పట్టపగలు గెస్ట్‌హౌస్‌లో ఏం పని?

దారిలో నైవాషా కొండ ఎక్కుతుంటే ఆ సెమాండా ఎప్పటిలాగే పైకి చదివేశాడట. సగం చదివి ఆపేశాడట కాని అప్పటికే కిగోంగో విన్నాడు. ఆ సెమాండా నోటి నుంచే పాకిందేమో, తరవాతి మజిలీలో టీకి దిగితే లారీలవాళ్ళు ఈలలు వేశారట. ఒకడు గది అద్దె ఎంతని అడిగాడట. కిగోంగో ఇంటికొచ్చి నీకు చెప్పుకునే సమయం ఇద్దామనుకున్నాడు. నువ్వేమో మోకాళ్ళ మీద కూర్చుని తప్పు చేశానని ఒప్పుకున్నావట. నాలుగుసార్లని నీ నోటితోనే చెప్పావట.

ఈ వయసులో ఒక అల్లుడి ముందు తల వంచుకున్నాను. ఎవడు వాడు? రాయి. నాకు అబద్ధం రాయకు. శనివారం మీ అత్తగారు నీ ఇంటికొస్తోంది, నిన్ను పుట్టింటికి పంపడానికి. నీ పుట్టింట్లో ఇప్పుడున్నది నేనొక్కదాన్నే. నిన్ను గుమ్మంలోకి రానివ్వాలో వద్దో తేల్చుకోవాలి నేను.

దీన్ని నువ్వే కాల్చు.

నంటేజా


నటేటే
23 మార్చి

సెంగాకి,

తప్పులు దిద్దుకునే ఓపిక కూడా లేదు.

ఈపాటికి నా పందొమ్మిదో తేదీ ఉత్తరం నీకు అంది ఉంటుంది. నీదీ నాదీ దారిలో ఎదురుపడినట్టున్నాయి. నేను ఏ గెస్ట్‌హౌస్‌కీ వెళ్ళలేదు. నా ఫోనులో పడింది పచ్చటి టిక్కు ఒక్కటే. అందులో పేరుండదు. పేరు ఆయనకే వెళ్ళింది. నేను చెప్పిన నాలుగుసార్లూ క్లినిక్ గురించి. ఆయన విన్నది ఇంకోటి. నేనే మోకాళ్ళ మీద కూర్చుని నా మెడకి ఉరి బిగించుకున్నాను.

నీ ఉత్తరం చదివి, కాళ్ళకి చెప్పుల్లేకుండా క్లినిక్‌కి పరుగెత్తాను. నర్సు నా ముఖం చూసి కుర్చీ వేసింది. అడిగితే నవ్వి, "ఆ మెషీను మాది కాదమ్మా. డాక్టరుగారి అన్నగారిది, వెనక వీధిలో గెస్ట్‌హౌస్ ఉందిగా, దానిది. బ్యాంకువాళ్ళు మాకింకా ఇవ్వలేదు. ఒకే కుటుంబం కదా, ఎవరి పేరుంటే ఏం?" అంది.

ఆమెనేమనగలను? మన దగ్గర అందరూ అంతే కదా. మా వీధిలో కోళ్ళమ్మే ఆవిడకి డబ్బు పంపితే చచ్చిపోయిన బావగారి పేరు వస్తుంది. చర్చి చందా పంపితే ఎవరో మెకానిక్ పేరు వస్తుంది. నా లైనుకి పంపితే ఆయన పేరే వస్తుంది. ఎవరూ పట్టించుకోరు. డబ్బు చేరిందా లేదా అని చూస్తారు అంతే. ఈ ఒక్కసారి ఆ పేరు నా కాపురం మీద పడింది.

ఆయన మళ్ళీ లారీ ఎక్కారు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అత్తగారు పొద్దున్నే వచ్చింది. కొడుకు ఆమెకేం చెప్పాడో తెలియదు, నన్ను పంపెయ్యాలని మాత్రం చెప్పినట్టుంది. వచ్చీరాగానే నా బట్టలన్నీ మడిచి దుప్పట్లో మూట కట్టింది. కొడుకు లారీ దిగి వచ్చేదాకా ఉంటుందట, ఆయన ఎదుటే పంపుతుందట. ఇప్పుడు నా వంటింట్లో కూర్చుని నా కత్తితోనే అరటికాయ చెక్కు తీస్తోంది. "ఏం చేశావే?" అని అడుగుతోంది. సెంగా, నేనేం చెప్పను? గెస్ట్‌హౌస్ కాదు క్లినిక్ అంటే, పిల్లలు పుట్టరని నువ్వే ఒప్పుకున్నావుగా అంటుంది. నాలో లోపం లేదంటే, అయితే నా కొడుకులో ఉందా అని వీధి వీధంతా వినేలా అరుస్తుంది. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను.

నువ్వు నమ్ముతావా? అది చెప్పు చాలు. నమ్మినా నమ్మకపోయినా దీన్ని కాల్చు.

నాల్వోగా


క్యాబకూజా
26 మార్చి

నా తల్లీ,

నీ చివరి మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నువ్వు క్లినిక్‌కి వెళ్ళిన తేదీ, ఆ మెసేజిలో తేదీ ఒకటే, పేరే వేరు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, వెధవ మెసేజి విని నిన్ను ఎవడు వాడని అడిగాను. నీలం కాగితం తీసుకోమన్నదీ నేనే. కాబట్టి నిన్ను ఇందులోంచి బయటికి లాగేదీ నేనే.

కిగోంగోకి ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను. సంగతంతా చెప్పాను. ఫోను సెమాండా చేతిలో లేదు కదా అని రెండుసార్లు అడిగి మరీ చెప్పాను. "మీ పిల్ల కాబట్టి మీరలాగే అంటారు సెంగా. క్లినిక్ నుంచి కాగితం తెస్తుంది. కాగితం ఎవరైనా రాసిస్తారు" అన్నాడు.

"కాగితం వద్దు. ఆ మెషీను మీద నీ ఫోను నీ చేత్తో ఆనించు. వచ్చిన మెసేజి నువ్వే చదువు, ఎవరితోనూ చదివించకు. కాసూకు అని రాకపోతే, దాన్ని మూటతో సహా నేనే వచ్చి తీసుకుపోతాను. వస్తే మాత్రం ఆ మూట నువ్వే విప్పాలి" అన్నాను.

లారీ పక్కకి తీసి ఆపిన చప్పుడు వినిపించింది. తరవాత సరే అన్నాడు.

నువ్వు ముందుగా అక్కడికి వెళ్ళొద్దు. ఆ నర్సుతో మళ్ళీ మాట్లాడొద్దు. చెప్పి ఉంచారని వాడికి అనిపించకూడదు. మీ అత్తగారు కట్టిన మూట జోలికి పోకు. వంట చెయ్యి. వాడు తినకపోయినా ఆకు వేసి ముందు పెట్టు. కడ్డీలు మానెయ్యి, ఇక అక్కర్లేదు.

నీ సెంగా


నటేటే
25 ఏప్రిల్

సెంగాకి,

దండాలు. రాత బాగాలేకపోతే ఈసారి నా తప్పు కాదు, ఆయన లారీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. ఆయన బ్యాంకులో ఉన్నారు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆయన మరుసటి వారం వచ్చారు. ఇంట్లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి "పద" అన్నారు. అత్తగారు ఎక్కడికని అడుగుతుండగానే నడక మొదలుపెట్టారు. దారంతా ఆయన ముందు, నేను వెనక. టాక్సీ స్టాండు దగ్గర ఆయన్ని ఎవరో పలకరించారు. తల కూడా తిప్పలేదు.

క్లినిక్ ముందు బోర్డు చూసి ఆగారు. పైనుంచి కిందికి మొత్తం చదివారు. లోపల నలుగురైదుగురు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు కూర్చున్నారు. మగవాడు ఆయనొక్కరే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నర్సు బల్ల మీద దూది పొట్లాలున్నాయి. ఒకటి తీసి, "ఇది ఇవ్వండి" అన్నారు. నర్సు నావైపు చూసింది. నేను కింద చూశాను. ఆమె మెషీను ముందుకు జరిపింది.

ఆయన ఫోను ఆనించారు. టిక్కు పడింది. మెసేజి వెంటనే రాలేదు. ఒకవేళ ఆ మెషీను మార్చేసి ఉంటే? బ్యాంకువాళ్ళు ఈలోగా కొత్తది ఇచ్చి ఉంటే? ఆ ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. గోడకి ఆనుకున్నాను.

ఫోను మోగింది. ఆయన తెర మీదికి వంగి, చిన్నపిల్లలు చదివినట్టు ఒక్కొక్క మాటా పైకే చదివారు. "కాసూకు. గెస్ట్‌హౌస్." మళ్ళీ చదివారు.

నర్సు నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన దూది పొట్లం పట్టుకుని బెంచీ చివర కూర్చున్నారు, ఆ ఆడవాళ్ళ పక్కనే. కాసేపటికి నన్ను కాదు, నర్సునే అడిగారు. "నా భార్య ఇక్కడికి ఎందుకొచ్చింది?"

"నాలుగుసార్లొచ్చింది బాబూ. నాలుగుసార్లూ మేము అడిగింది మీ గురించే" అంది నర్సు.

అప్పుడు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. లేవలేదు. తన పేరు చెప్పి, రాసుకోమన్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక ఆయనే మూట విప్పారు. అత్తగారు చూస్తుండగానే నా బట్టలు ఒక్కొక్కటీ అలమారలో పెట్టారు. అస్తవ్యస్తంగా పెట్టారనుకో, నేను తరవాత సర్దుకున్నాను. అన్నం దగ్గర రెండోసారి పులుసు వడ్డించుకున్నారు.

పరీక్షల ఫలితం పోయిన వారం వచ్చింది. లోపం ఆయనలోనే ఉందట. మందులు వాడితే ఏడాదిలో ఫలితం ఉండచ్చు, ఉండకపోవచ్చు అన్నారు. ఆయన లారీ ఎక్కి, ఇంజను వెయ్యకుండా చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన, సెమాండా సీటులో. "అమ్మకి చెప్పకు" అన్నారు.

అత్తగారు మర్నాడు పొద్దున్నే ఊరికి బయలుదేరింది. వెళుతూ వెళుతూ గేటు దగ్గర నలుగురూ వినేలా, "ఎండిన తోటకి ఎంత నీళ్ళు పోస్తే ఏం లాభం, ఆ గది కట్టించు" అంది. ఆయన అక్కడే ఉన్నారు. గేటు గడియ తీసి పట్టుకున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆమెని సాగనంపాను. ఆ మాట నాకు గుచ్చుకోలేదని చెప్పను. కాని ఆయన ముఖం చూశాక నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆయన చెప్పగలిగిన రోజు చెబుతారు. చెప్పలేకపోతే నేను అడగను.

ఇక బ్యాంకు సంగతి. ఆయన ఊళ్ళో ఉంటే ప్రతి మంగళవారం క్లినిక్‌కి వెళ్ళాలి, లేదంటే దారిలో ఆ మందులు కొనాలి. ఎక్కడ కట్టినా మెసేజి ఆయన ఫోనుకొస్తుంది. ఫోను సెమాండా చేతిలో ఉంటుంది. అందుకని నిన్న నన్ను తీసుకెళ్ళి లైను నా పేరు మీదికి మార్పించారు. ఈ రోజు కార్డు కూడా మార్పిస్తున్నారు. అసలు కార్డు నాది, ఆయనది దానికి కొమ్మ. జీతం ఆయనదే అయినా సరే, ఆయన ఎక్కడ ఫోను ఆనించినా ఆయనకి పచ్చటి టిక్కు, నాకు మెసేజి. బ్యాంకులో అమ్మాయి రెండుసార్లు అడిగింది, తారుమారు కాలేదు కదా అని. సరిగ్గానే ఉందని చెప్పారు ఆయన.

ఇక నా ఫోను మోగి కాసూకు గెస్ట్‌హౌస్ అని పడితే, ఆయన ఆ బెంచీ చివర కూర్చున్నారని నాకు తెలుస్తుంది. ఇంకెవరికీ తెలియదు.

ఇన్నాళ్ళూ నా గుట్టు కోసం కాల్చమని అడిగాను. ఒక్కోసారి నువ్వు కాల్చలేదని కూడా తెలుసు, మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నానని నువ్వే రాశావు. ఇప్పుడు ఇది నాది కాదు, ఆయనది. ఆయన బ్యాంకులోంచి వస్తున్నారు, ఆపేస్తున్నాను. సెంగా, ఈ ఒక్కటీ నిజంగా కాల్చు.

నీ నాల్వోగా